ఒకడికి బదులు ఇద్దరు

పోయిన వారం జ్యోత్స్నను మాదాపూర్‌లో, పార్థసారథి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి ఆగాం. ఆమె అక్కడికెందుకు వెళ్ళిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. తమ్ముడు ఆకాష్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క తిరిగి తిరిగి, చివరికి పార్థసారథి కన్సల్టెన్సీ ద్వారా బ్యాంకాక్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగమని విమానం ఎక్కాడు. దిగాక ఉద్యోగం లేదు. కారెక్కించి, నది దాటించి, ఎత్తైన కంచె ఉన్న ఒక ఆవరణలో పడేశారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళను ఫోనులో మాటల్లోకి దించి మోసం చేయడమే అక్కడ పని. చేయనంటే దెబ్బలు. ఇక్కడ సైబర్ క్రైమ్ పోలీసులు ఫిర్యాదు తీసుకున్నారు, పైకి రాశారు, జవాబు రాలేదు. హఫీజ్‌పేట్‌లో తల్లి దీనమ్మ ఉపవాసముండి ప్రార్థన చేస్తూంది. ఇంతలో పార్థసారథే ఫోన్ చేసి, "మీ తమ్ముణ్ణి తెప్పించే దారి ఒకటుంది, రండి" అన్నాడు.

ఆయన చూడడానికి హెడ్మాస్టరులా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. బల్ల మీది గాజుపలక కింద పిల్లల ఫొటోలు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"టీ తాగండమ్మా. చల్లారిపోతోంది."

"నాకు టీ వద్దు. మా తమ్ముడి సంగతి చెప్పండి."

"అదే చెబుతానండి. ముందు మీరు కాస్త కుదురుగా వినాలి. నేను పంపింది ఒక కంపెనీకి. వాళ్ళు ఇంకోళ్ళకి అప్పగించారు. నన్ను కూడా మోసం చేశారనుకోండి."

"పోలీసులకు మీ పేరే చెప్పాను."

"తెలుసండి. వచ్చారు, అడిగారు. మీ తమ్ముడు ఇష్టపడే వెళ్ళాడని చెప్పాను. వాళ్ళ పని వాళ్ళు చేస్తారు, నెలలు పడుతుంది. ఆ నెలలు అక్కడ అతనికెలా గడుస్తాయన్నదే నా బాధ."

ఆ మాటతో తన ఫోను ఆమె వైపు తిప్పాడు.

తెర మీద ఆకాష్. వెనక తెల్ల గోడ. భుజం మీద ఎవరిదో చెయ్యి, ఆ మనిషి కనబడడు. ఆకాష్ మొహం సగానికి సగం తగ్గిపోయింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"అక్కా, అన్నం తింటున్న. ఫికర్ చెయ్యకు," అన్నాడు. మంచిగున్న కన్ను కూడా ఆమెను చూడడం లేదు, ఇంకెక్కడో చూస్తూంది. "సార్ చెప్పింది చెయ్యక్కా. జర తొందరగ చెయ్యి. అమ్మకు మాత్రం చెప్పకు."

"ఆకాష్, ఎవరు కొట్టిండ్రురా నిన్ను?"

తెర నల్లబడింది. పార్థసారథి ఫోను తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"మీ ఆఫీసులో అవినాష్, వాసంతి అని ఇద్దరుండేవారు. మొన్న తీసేసినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు కదండీ. మా దగ్గరికొచ్చారు. అంతా సిద్ధమే. అబ్బాయి మాత్రం వెనకాడుతున్నాడు. ఆకాష్ మీ తమ్ముడేనని తెలిసి, జ్యోత్స్న గారిని ఒక మాట అడిగి చెబుతానన్నాడు. సాయంత్రం మీకు ఫోన్ చేస్తాడు. అబ్బాయి ఊ అంటే ఇద్దరూ బయలుదేరతారు."

జ్యోత్స్నకు అర్థమైంది. అయినా అడిగింది.

"నేనేం చెప్పాలి?"

"మా తమ్ముడు బాగున్నాడు, వెళ్ళు అని. అంతేనండి. వాళ్ళిద్దరూ అక్కడ దిగిన రోజు ఆకాష్ ఇటు విమానం ఎక్కుతాడు. అక్కడివాళ్ళకి మనిషికి బదులు మనిషి కావాలి. ఒకడికి బదులు ఇద్దరినిస్తే కాదనరు."

"చెప్పకపోతే?"

ఆయన పెన్నుల్లో ఒకటి తీసి మూత బిగించి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆ రెండో కన్ను గురించి నేను హామీ ఇవ్వలేనమ్మా." చాలా దయగా అన్నాడు. "మీరు క్రిస్టియన్స్ కదండీ. మీ దేవుడు ఎంత పెద్ద తప్పునైనా క్షమిస్తాడంటారు. ఇది ఒక్క అబద్ధం."

జ్యోత్స్న లేచింది. ఔననలేదు, కాదనలేదు. బయటికొచ్చాక, కాదని ఎందుకు అనలేదని తనను తానే అడుగుతూ హైటెక్ సిటీ స్టేషను దాకా నడిచింది.

రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో తలుపు పక్కన నిలబడింది. అవినాష్ గుర్తొచ్చాడు. తణుకు వైపు కుర్రాడు. వానాకాలంలో క్యాబులు దొరక్కపోతే తన బండి మీద ఆమెను స్టేషను దగ్గర దింపి, తను మళ్ళీ తడుస్తూ వెనక్కి పోయేవాడు. వాసంతి ఆమె పక్క సీటే. ఆఫీసులో చేరిన కొత్తలో మీటింగుల్లో జ్యోత్స్న తెలంగాణ యాసకు ఎవరో నవ్వితే, అందరి ముందే వాళ్ళ నోరు మూయించింది వాసంతి. ఉద్యోగం పోయిన రోజు అట్టపెట్టెలో సామాను సర్దుకుంటూ, "మా అమ్మకి ఇంకా చెప్పలేదే" అంది.

ఆ ఇద్దరినీ తలుచుకుంటూనే జ్యోత్స్న పెదవులు కదిలించి చూసింది. బాగుంది అవినాష్, వెళ్ళు. గొంతు వణకలేదు. మాట ఎక్కడా తడబడలేదు. అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. పక్కనున్న ఆడమనిషి తన వైపు చూస్తూందని గమనించి మొహం తిప్పుకుంది.

హఫీజ్‌పేట్‌లో స్టేషను వెనక సందులో వాళ్ళ రెండు గదుల ఇల్లు. స్కూళ్ళు తెరిచే రోజులు కావడంతో దీనమ్మ మిషను చుట్టూ నీలం రంగు యూనిఫాం గుడ్డలు గుట్టగా పడి ఉన్నాయి. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదేమో, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కూతుర్ని చూడగానే మిషను చక్రం మీద అరచెయ్యి వేసి ఆపింది.

"ఏమన్నడు బిడ్డా ఆయన?"

తల్లికి చెప్పకూడదనే అనుకుంది జ్యోత్స్న. గడప దాటేసరికి అంతా చెప్పేసింది. ఏదీ దాచలేదు.

"పిలగానికి ఏ కన్ను వాసింది?" అని అడిగింది దీనమ్మ.

"ఎడమది."

దీనమ్మ కొంగు చివర మడిచి తన ఎడమ కంటికి అద్దుకుంది. అక్కడ కన్నీళ్ళేమీ లేవు.

"అమ్మా, నేను చెప్పేస్త. మంచిగున్నదని చెప్పేస్త. ముందు తమ్ముడు ఇంటికి రానీ. తర్వాత వాళ్ళ కోసం కొట్లాడుదం. పోలీసులకు చెప్తం, టీవీలోళ్ళకు చెప్తం. వాళ్ళు చదువుకున్నోళ్ళు, ఎట్లనన్న బయటపడ్తరు." ఆగకుండా మాట్లాడుతూంది. ఆగితే తల్లి ఏదో అంటుందని భయం. "నువ్వు వద్దంటవని నాకు ఎరుకే. అందుకే అడుగుతలేను. చెప్తున్న."

"నేను వద్దన్ననా?"

జ్యోత్స్న తల్లి మొహంలోకి చూసింది.

"నాకు నా కొడుకు గావాలె," అంది దీనమ్మ. మాట చాలా మెల్లగా వచ్చింది. "నాకు గంతకంటె ఏం వద్దు. ఆ పిల్లలకు తల్లులున్నరా?"

"అవినాష్‌కు అమ్మా నాన్న ఇద్దరున్నరు. వాసంతికి అమ్మ ఒక్కతే."

"ఒక్కతేనా?"

"ఆ."

దీనమ్మ లేచి లోపలి గదిలోకి వెళ్ళి కర్టెను వేసుకుంది. మోకాళ్ళు నేలకు ఆనిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు జ్యోత్స్నకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తండ్రి రైలు పట్టాల పనిలో చనిపోయినప్పుడు దీనమ్మ పొద్దున్నే ఇలాగే మోకరించి, లేచి, పిల్లలకు తలలు దువ్వి, అన్నం పెట్టి, బడికి తోలింది. చర్చి సంఘంలో వాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి సాక్ష్యంగా చెప్పుకుంటారు. ఆమె ప్రార్థన ఎప్పుడూ స్తోత్రంతో మొదలవుతుంది. ఒక్కొక్కరి పేరూ వరుసగా వస్తుంది.

ఈసారి స్తోత్రం రాలేదు.

"అయ్యా, నీతోని కొట్లాడనీకే వచ్చిన ఇయ్యాల. నా పెనిమిటి పోయిన్నాడు నిన్నేమన్న అన్ననా? పిల్లలను సాకనీకి బలమియ్యమన్న. ఇచ్చినవ్. ఒప్పుకుంట. మళ్ళ ఇదేంది? నీ కొడుకును నువ్వు ఇచ్చినవ్, నిజమే. నువ్వు దేవునివి, ఇయ్యగలిగినవ్. నేను మిషను తొక్కేదాన్ని. నాతోని గాదు. నన్ను అడగకు ప్రభువా. నీ కాళ్ళు మొక్కుత, నన్ను అడగకు."

ఆ తర్వాత మాటలు లేవు. ఏడుపు. గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న ఏడుపు. జ్యోత్స్న కర్టెను దాకా వెళ్ళి, చెయ్యి చాచి, మళ్ళీ దింపేసుకుంది. ఆమెకు కోపం వచ్చింది. పార్థసారథి మీద కాదు. ఏళ్ళ తరబడి ఈ గదిలో తల్లి ఎవరి ముందు మోకరించిందో ఆయన మీద.

చాలాసేపటికి లోపల నుంచి ఒక్క మాట వినబడింది. "అయితే నువ్వు నా పక్కన్నే ఉండాలె ప్రభువా. జర సేపు గూడ ఎటూ పోవద్దు."

దీనమ్మ కర్టెను తొలగించుకుని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బిందెలోంచి నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కుంది.

"ఆ పిల్లగాడు ఫోన్ చేస్తె నిజం చెప్పు బిడ్డా."

"అమ్మా."

"నిజమే చెప్పు."

"ఇన్ని దినాలు ప్రార్థన చేసినవ్. ఏమైంది? చెప్పు, ఏమైంది?" అంది జ్యోత్స్న. "తమ్మునికి దెబ్బలు ఆగినయా? పోలీసులు కదిలిండ్రా? ఒక్కటన్న అయ్యిందా?"

"ఏం గాలే. కన్ను వాసింది. గది నాకు కనవడ్తలేదా?"

"మరి ఎందుకు చేస్తున్నవ్?"

దీనమ్మ మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. అందమైన జవాబేదో వెతుకుతున్నట్టు లేదు, ఉన్నదాన్ని ఎలా చెప్పాలో తెలియనట్టు ఉంది.

"ఇందాక నువ్వు చెప్తుంటె నా పానం ఏమన్నదో తెలుసా? ఇద్దరు గాదు, నలుగురినైనా పంపు అన్నది. ఒట్టు. ఆ పార్థసారథికి నాకు ఏం తేడా లేకుండె అప్పుడు. వాడు కుర్చీల కూసొని అంటుండు, నేను స్టూలు మీద కూసొని అనుకుంటున్న. నన్ను అట్ల గాకుంట పట్టుకున్నోడు ఒక్కడే ఉన్నడు. గందుకే చేస్తున్న. నా కొడుకును ఇడిపిస్తడో లేదో, నాకు తెల్వదు. నన్నయితే ఇడిసిపెట్టలే."

జ్యోత్స్న గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. తల్లిని ఇన్నాళ్ళూ ధైర్యవంతురాలనుకుంది. ఈ మనిషి గడగడ వణుకుతూంది. వణుకుతూనే మాట తప్పడం లేదు.

ఫోను మోగినప్పుడు ఇద్దరూ దాని వైపు చూశారు. తెర మీద అవినాష్ పేరు.

"నువ్వు మాట్లాడమ్మా. నాతోని గాదు," అని జ్యోత్స్న ఫోను తల్లి చేతిలో పెట్టబోయింది.

దీనమ్మ తీసుకోలేదు. కూతురి పక్కన నేల మీద కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. "నేను చెప్తె నా మాటైతది. నువ్వే చెప్పాలె. నేనీడనే ఉన్న."

జ్యోత్స్న స్పీకరు నొక్కింది.

"జ్యోత్స్న గారూ, డిస్టర్బ్ చేశానా అండి?" అవినాష్ గొంతులో అదే మొహమాటం. "ఒక చిన్న విషయం. పార్థసారథి గారి కన్సల్టెన్సీ ద్వారా బ్యాంకాక్‌లో ఒక ఆఫర్ వచ్చింది. మీ తమ్ముడు కూడా అక్కడే కదా. బాగున్నాడా అండి?"

పట్టాల మీద రైలు వస్తూంది. ఇంటి రేకులు సన్నగా అదిరాయి. రైలు పూర్తిగా వెళ్ళేదాకా ఆమె మాట్లాడలేదు. ఆ చప్పుడు ఆగిపోకూడదనుకుంది. ఆగిపోయింది.

"లేడు అవినాష్," అంది. "మా తమ్ముడు బాగాలేడు. అది ఉద్యోగం కాదు. పాస్‌పోర్ట్ లాక్కున్నారు, కొడుతున్నారు. ఇవాళ నా కళ్ళతో చూశాను. నీకు బాగుందని చెబితే వాణ్ణి వదిలిపెడతామన్నారు." వీపు మీద చెయ్యి కదల్లేదు. "నువ్వు వెళ్ళకు. నేను చెప్పేది నమ్ము."

దీనమ్మ కళ్ళు మూసుకుంది. ఇక్కడ ఆడిన మాటకు అక్కడ ఎవరు దెబ్బలు తింటారో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు.

"అంటే," అన్నాడు అవినాష్, "ఆకాష్ అబద్ధం చెప్పాడా అండి?"

"ఆకాష్ ఏం చెప్పాడు?"

"మీకు తెలుసనుకున్నాను. మొన్న వాసంతితో వీడియోలో మాట్లాడాడు. గది బాగుంది, తిండి బాగుంది, నా ఉద్యోగానికి మా అక్క కూడా చాలా సంతోషపడుతోంది అన్నాడట. ఆ మాట మీదే వాసంతి ఒప్పేసుకుంది. నేనే, మీతో ఒకసారి మాట్లాడాక చూద్దామని ఆగాను."

జ్యోత్స్న తల్లి వైపు చూడలేకపోయింది.

"వాసంతి ఎక్కడుంది ఇప్పుడు?"

"రాత్రికి ఫ్లైట్ అండి. ఇందాకే పార్థసారథి గారి కారులో శంషాబాద్ బయలుదేరింది."

ఫోను పెట్టేసి వెంటనే వాసంతికి చేసింది. మోగి మోగి, చివర్లో ఎత్తింది. వెనక కారు చప్పుడు, ఎవరిదో దగ్గు.

"వాసంతీ, కారు ఆపించు. ఎక్కడున్నా సరే దిగిపో. ఆకాష్ చెప్పిందంతా అబద్ధం. వాడితో బలవంతంగా చెప్పించారు."

వాసంతి గొంతు మీటింగులో జ్యోత్స్న కోసం లేచిన గొంతులా లేదు.

"నువ్వు ఇలాగే అంటావని ఆకాష్ ముందే చెప్పాడు జ్యోత్స్నా. మా అక్కకి ఇంకెవరూ ఇటు రావడం ఇష్టం లేదు, ఏదో ఒకటి చెప్పి ఆపుతుందన్నాడు. అప్పుడు నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నాను. నీకు ఉద్యోగం ఉంది. నాది పోయింది. మా అమ్మ మొహం నేను చూడలేకపోతున్నాను. దయచేసి నన్ను వెళ్ళనివ్వు."

"వాసంతీ, నా మాట విను."

కట్ అయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఫిర్యాదు రాసుకున్న ఎస్సైకి ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. ఎయిర్‌పోర్టు స్టేషనుకు చెబుతానన్నాడు. మేజరైన అమ్మాయి తన ఇష్టంతో, కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకుని వెళ్తుంటే ఎవరూ ఆపలేరని కూడా అన్నాడు. ఆ అమ్మాయే వచ్చి వెళ్ళనని చెప్పాలి.

జ్యోత్స్న తలెత్తేసరికి దీనమ్మ నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. నా కొడుకు ఎవరినీ ముంచడు అని ఆ మనిషి ఎన్నిసార్లు అని ఉంటుందో. అక్కడ చేయనన్నందుకే దెబ్బలు తింటున్నాడని ఎంతమందికి చెప్పుకుని ఉంటుందో.

"కొట్టి చెప్పించిండ్రమ్మా. వాని తప్పు గాదు," అంది జ్యోత్స్న.

"తప్పెవలిదో మళ్ళ చూద్దం. బండి పిలువు."

"ఆమె నమ్మదు. ఆకాష్ మాటే నమ్ముతుంది."

"వాడు ఆ పిల్లతోని మాట్లాడిండు గదా. వాని తల్లి పోయి ఎదురుంగ నిలబడి చెప్తది. నమ్మకుంటె కాళ్ళ మీద పడ్త." చెప్పులు వేసుకుంటూ తలుపు చెక్క పట్టుకుంది. పొద్దుటి నుంచి ఏమీ తినని ఒళ్ళు తూలింది. నిలదొక్కుకుంది. "ఆ పిల్ల పేరేమన్నవ్, వాసంతా? ఆ పిల్ల తల్లి గూడ ఒక్కతే అంటివి."

క్యాబు కొండాపూర్ చేరేసరికి ఆఫీసులు వదిలారు. ముందు కార్లు, వెనక కార్లు, మధ్యలోంచి దూరే బళ్ళు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే తప్ప కదలదన్నాడు, ఔటర్ ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో తెలియదన్నాడు. జ్యోత్స్న కిటికీలోంచి మెడ చాచి ముందుకు చూసింది. దీనమ్మ ఒడిలో రెండు చేతులూ ముడిచి కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు.

అప్పుడు ఫోను వెలిగింది. తెలియని విదేశీ నంబరు, వీడియో కాల్. అవినాష్‌తో ఆడిన మాట, కారులో ఉన్న వాసంతితో ఆడిన మాట పార్థసారథికి చేరిపోయాయన్నమాట. చేరితే అక్కడికీ చేరినట్టే.

"అమ్మా, తమ్ముడు."

దీనమ్మ చూపు ఫోను మీదికి వెళ్ళింది. కొడుకు మొహం చూసి ఆమెకు నెలలైంది. చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది, తెరకు వేలెడు దూరంలో ఆగింది. ఆ చేతిని ఆమె రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది.

"ఎత్తకు బిడ్డా."

"అమ్మా, వాణ్ణి ఏం చేస్తున్నరో."

"ఎత్తకు. వాని మొహం చూస్తె నేను ఈడనే దిగిపోత. ఆ పిల్ల దాంక పోలేను."

ముందు కార్లు ఒక్క గజం కదిలి మళ్ళీ ఆగాయి. ఫోను మోగి ఆగిపోయింది. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. జ్యోత్స్న ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.